మన బండల కింద, మన పొదల మాటున



సైన్సు మాట ఎత్తితే చాలు, అది మనది కాదు అనుకుంటాం. రాకెట్లు గుర్తుకొస్తాయి. పెద్ద పెద్ద యంత్రాలు గుర్తుకొస్తాయి. తెల్లకోటు వేసుకున్నవాళ్లు గుర్తుకొస్తారు. అవన్నీ హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలో ఉంటాయి. మన కర్నూలు, కడప సీమలో ఏముంది? ఎండ ఉంది. బండ ఉంది. కంపచెట్లు ఉన్నాయి. వానొస్తే శనక్కాయ, రాకుంటే వలస. "ఇంకేముంది లేబ్బా మన దగ్గర" అంటారు.

కానీ గడిచిన నలభై ఏళ్లలో ప్రపంచంలో పేరున్న సైన్సు పత్రికలు మన ఊళ్ల పేర్లు అచ్చువేశాయి. జ్వాలాపురం, బిలస్వర్గం, రెడ్డిపల్లె, ఇట్లా. ఆ పత్రికలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అందువల్ల వింత ఏమిటంటే, ఆ సంగతులు లండనులో తెలిసినంత త్వరగా ఆ ఊళ్లలో తెలియలేదు. ఈరోజు చెప్పుకునేది ఆ సంగతులే.

బండలో పాచి

ముందు కాళ్లకింద బండతో మొదలుపెడదాం. కడప బండ అంటే పక్క రాష్ట్రాల్లో కూడా తెలుసు. వంటింటి గట్టుమీద పరుస్తారు. అరుగులమీద వేస్తారు. బేతంచెర్ల రాయి కూడా అంతే, లారీలకు లారీలు పోతుంది. ఈ బండలు ఎక్కువగా సున్నపురాయి జాతివి. నీళ్ల అడుగున పొరమీద పొర పేరుకుని గట్టిపడినవి. అంటే ఏమిటి? ఇప్పుడు తాగేనీళ్లకు బిందెలు మోసే ఈ సీమలో ఒకప్పుడు సముద్రం ఉండేది!

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాళ్లమీద పెద్ద పుస్తకం రాశాడు. పాత పొరలకు కడప పేరు, వాటిమీది కొత్త పొరలకు కర్నూలు పేరు పెట్టారు. ఇప్పటికీ ఏ దేశం శాస్త్రవేత్త అయినా ఈ రాళ్ల గురించి రాయాలంటే మన జిల్లాల పేర్లే రాయాలి.

కడప జిల్లా వేంపల్లె దగ్గర రాళ్లలో వంపులు వంపులుగా గీతలు కనిపిస్తాయి. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే పొరలు కనబడతాయే, అట్లా ఉంటాయి. అవి ఎవరూ చెక్కినవి కావు. పాచి వేసిన గుర్తులు. చెరువు గట్టున, తొట్టి అడుగున పాచి చూస్తాం కదా. కంటికి కనిపించని జీవులు కోట్లకొద్దీ చేరితే పాచి అవుతుంది. అటువంటి జీవులే పాతకాలపు సముద్రంలో పొరలు కట్టాయి. వాటిమీద సన్నటి మట్టి పడింది. మళ్లీ పొర కట్టాయి. మళ్లీ మట్టి. అట్లా కట్టి కట్టి రాయి అయ్యాయి.

ఎంత కాలం కిందటివి? పులివెందుల దగ్గర ఒక నల్లరాయి ఉంది. అది ఒకప్పుడు కరిగిన రాయి. భూమి లోపలి నుంచి పైకి వచ్చి, ఈ పొరల మధ్యకు చొరబడి, గడ్డకట్టింది. దానిలోని చిన్న చిన్న పలుకులను పరీక్షించి 2008లో దాని వయసు చెప్పారు. సుమారు 188 కోట్ల ఏళ్లు. చొరబడేదానికి ముందే పొరలు ఉండాలి కదా. ఇల్లు లేకుండా దొంగ ఎట్లా దూరుతాడు? కాబట్టి వేంపల్లె పాచి గుర్తులు అంతకంటే పాతవి. అప్పటికి భూమిమీద చెట్టు లేదు, చేప లేదు, చీమ లేదు. ఆ పాచిలాంటి జీవులు వదిలిన ప్రాణవాయువే గాలిలో చేరుతూ వచ్చింది. మనం పీల్చే గాలికి ఆ పాచి పెట్టుబడి పెట్టిందన్నమాట.

అదే వేంపల్లె రాళ్ల వరుసలో, తుమ్మలపల్లె దగ్గర, యురేనియం అనే ఖనిజం కూడా ఉంది. కరెంటు తయారుచేసే అణు కేంద్రాలకు అది కావాలి. అక్కడ 2012లో గని, మిల్లు పనిలోకి వచ్చాయి. 2018, 2019 సంవత్సరాల్లో చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని ఫిర్యాదు చేశారు. పరీక్షలు జరిగాయి. వాదనలు జరిగాయి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నీటి పరీక్ష కాగితం ఆఫీసు బీరువాలో ఉంటే చాలదు. ఆ నీళ్లు తాగేవాళ్ల చేతికి, వాళ్లు చదవగల భాషలో, రావాలి.

బూడిద

ఇక అసలు కథ. నంద్యాల జిల్లాలో బనగానపల్లె ఉంది. 2022 వరకు అది కర్నూలు జిల్లాలోనే ఉండేది. దాని దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది.

ఆ ఊరి పొలాల్లో తవ్వితే కొన్నిచోట్ల తెల్లటి పొర తగులుతుంది. ముగ్గుపిండిలాగా మెత్తగా ఉంటుంది. వేళ్లమధ్య నలిపితే సన్నగా గరగరలాడుతుంది. ఒక్కోచోట నిలువెత్తు మందం ఉంటుంది, రెండు మీటర్లకు పైనే. గిన్నెలు తోమే పొడుల్లాంటివాటికి పనికొస్తుందని దానిని తవ్వి అమ్మారు. ఊరివాళ్లకు అది కూలి దొరికే పని. అంతే.

అది కట్టెల బూడిద కాదు. అగ్నిపర్వతం బూడిద. భూమి లోపల కరిగిన రాయి ఉంటుంది. అది కొన్ని కొండలనుంచి ఒక్కసారి బద్దలై పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మినప్పుడు రాయి నుగ్గునుగ్గై ఆకాశానికి ఎగురుతుంది. పరీక్షగా చూస్తే ఆ నుగ్గు అంతా సన్నటి గాజుముక్కలే. అందుకే గిన్నెలు అంత బాగా తోముతుంది!

మరి మన సీమలో అటువంటి కొండ లేదే? ఆ బూడిద ఎక్కడిది?

చదువు రాకముందు మనం కాగితాలమీద వేలిముద్ర వేసేవాళ్లం. ఒకరి వేలిముద్ర ఇంకొకరికి ఉండదు. అగ్నిపర్వతాలకు కూడా ఒకరకమైన వేలిముద్ర ఉంది. ఒక్కోదాని బూడిదలో ఏ ఏ పదార్థాలు ఎంతెంత ఉన్నాయనే లెక్క ఒక్కో తీరుగా ఉంటుంది. జ్వాలాపురం బూడిద వేలిముద్ర ఇండోనేషియా దేశంలో సుమత్రా దీవిలోని టోబా అనే అగ్నిపర్వతంతో సరిపోయింది. ఇక్కడికీ అక్కడికీ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో బంగాళాఖాతం అంతా ఉంది. అంత దూరం గాలిలో వచ్చి పడింది.

సుమారు 74 వేల ఏళ్ల కిందట టోబా పేలింది. గడిచిన 20 లక్షల ఏళ్లలో భూమిమీద అంత పెద్ద పేలుడు లేదంటారు. కొండ ఉన్నచోట ఇప్పుడు పెద్ద చెరువు ఉంది. చెరువు అంటే మన కంభం చెరువులాంటిది కాదు. దాని పొడవే దాదాపు 100 కిలోమీటర్లు! అంటే నంద్యాలలో బస్సెక్కి మైదుకూరు దాటినా చెరువు గట్టు రాదన్నమాట.

జ్వాలాపురం దగ్గర ఆకాశం నుంచి నేరుగా పడింది కొద్ది అంగుళాలే. తరువాత వానలకు చుట్టుపక్కల గుట్టలమీది బూడిద కొట్టుకొచ్చి పల్లంలో చేరింది. కళ్లంలో గాలికి పొట్టు ఒక మూల చేరినట్లు. అందుకే అంత మందం.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. అంత పేలుడు జరిగితే మనుషులు ఏమయ్యారు? కొంతమంది శాస్త్రవేత్తలు ఇట్లా అనుకున్నారు: బూడిద, పొగ ఆకాశాన్ని కమ్మేశాయి. ఎండ తగ్గింది. ఏళ్ల తరబడి చలి. చెట్లు ఎండాయి, జంతువులు చచ్చాయి. ప్రపంచం మొత్తంమీద మనుషులు కొద్ది వేలమందే మిగిలారు. ఈ మాట చాలా పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇది నిజమా కాదా అని చూడటానికి జ్వాలాపురంకంటే మంచిచోటు దొరకదు. ఎందుకంటే బూడిద పొర ఒక గీత గీసినట్లు ఉంది. గీత కింద ఉన్నది పేలుడుకు ముందు కాలం. గీత పైన ఉన్నది తరువాతి కాలం. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కోరిశెట్టర్, అప్పుడు ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న మైకేల్ పెట్రాగ్లియా, వాళ్లతో ఇంకా కొందరు కలిసి అక్కడ తవ్వారు. 2007 జులైలో 'సైన్స్' అనే పత్రికలో ఫలితం అచ్చయింది.

ఏం దొరికింది? బూడిద కింద మట్టిలో రాతి పనిముట్లు దొరికాయి. మనిషి చెక్కిన రాళ్లు. కోయటానికి, గీకటానికి వాడినవి. ఎర్రమట్టిరాయి ముక్క ఒకటి దొరికింది, రుద్దిన గీతలతో సహా. రంగుకోసం రుద్దారేమో. బూడిద పైన మట్టిలోనూ రాతి పనిముట్లు దొరికాయి. కిందవీ పైనవీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దాదాపు ఒకే తీరు!

ఇందులో ఏముంది అనుకోవద్దు. ఒక ఊరు కరువుకు పూర్తిగా ఖాళీ అయిందనుకోండి. చాలాకాలం తరువాత వేరే దేశంనుంచి కొత్త జనం వచ్చి దిగారనుకోండి. వాళ్ల మడక వేరుగా ఉంటుంది. గొర్రు వేరుగా ఉంటుంది. కొడవలి వంపు కూడా వేరుగా ఉంటుంది. కానీ కరువుకు ముందటి మడక, తరువాతి మడక ఒకటే అయితే? ఆ ఊరి జనం చావలేదని, ఎట్లాగో ఒకట్లా తట్టుకుని నిలబడ్డారని అర్థం. జ్వాలాపురం రాళ్లు చెప్పింది కూడా అదే. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఈ లోయలో మనుషులు బతికే ఉన్నారు.

ఆ మట్టి వయసు ఎట్లా తెలిసింది? ఇసుక రేణువుకు ఒక గుణం ఉంది. చీకట్లో, మట్టికింద ఉన్నంతకాలం చుట్టుపక్కల మట్టినుంచి కొద్దికొద్దిగా శక్తిని కూడబెట్టుకుంటుంది. చూరునుంచి కుండలో చుక్క చుక్క పడినట్లు. ఎండ తగిలిందా, కుండ బోర్లించినట్లు ఆ శక్తి అంతా పోతుంది. శాస్త్రవేత్తలు ఎండ తగలకుండా ఆ మట్టిని గొట్టంలోకి తీసి, చీకటి గదిలో పరీక్షిస్తారు. కుండలో ఎన్ని చుక్కలు చేరాయో కొలుస్తారు. దాన్నిబట్టి ఆ ఇసుక ఎండను చివరిసారి చూసి ఎంతకాలమైందో చెబుతారు. బూడిద కింది మట్టికి సుమారు 77 వేల ఏళ్లు, పైమట్టికి సుమారు 74 వేల ఏళ్లు వచ్చాయి. కొన్ని వేల ఏళ్లు అటూఇటూ ఉండవచ్చని వాళ్లే రాశారు.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. "పనిముట్లు దొరికాయి సరే, ఆ కాలంనాటి మనిషి ఎముక అక్కడ దొరకలేదు కదా. చేసింది మనలాంటి మనుషులా, ఇంకో రకం పాత మనుషులా?" అని కొందరు అడిగారు. 2009లో ఇంకొక బృందం సముద్రం అడుగు మట్టిలోని పుప్పొడిని చూసి, పేలుడు తరువాత మనదేశంలో కొంతకాలం చెట్లు తగ్గి గడ్డి పెరిగిందని రాసింది. 2020లో మధ్యప్రదేశ్‌లో, సోన్ నది లోయలోని ధాబా అనే చోట చేసిన తవ్వకం మళ్లీ జ్వాలాపురం పక్షానే నిలిచింది. అక్కడా 80 వేల ఏళ్లనాటి నుంచి, పేలుడు తరువాత కూడా, అదే తీరు పనిముట్లు వచ్చాయి. రచ్చబండమీద పంచాయితీ లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ పెద్దమనిషి మాట చెల్లదు, సాక్ష్యం చెల్లుతుంది.

జ్వాలాపురం దగ్గరే ఒక బండ చూరు ఉంది. వానకూ ఎండకూ దానికింద తలదాచుకోవచ్చు. అక్కడ 35 వేల ఏళ్ల కిందటి నుంచి వాడిన చిన్న చిన్న రాతి అలుగులు, పూసలు దొరికాయి. పూసలు వేసుకోవాలన్న ముచ్చట కొత్తది కాదన్నమాట.

ఇక కష్టమైన మాట. ఆ బూడిదను తవ్వి అమ్మితే పొర పోతుంది. పనిముట్టు ఒకటి ఇంటికి తెచ్చి దాచినా ప్రయోజనం లేదు. అది బూడిద కింద ఉందా, పైన ఉందా అన్నదే దాని విలువ. ఉన్నచోటునుంచి కదిలితే అది వట్టి రాయి. రిజిస్టరు నుంచి చించిన కాగితంలాంటిది. అట్లా అని తవ్వేవాళ్లను తిట్టటం సులభం. వానల్లేని ఏట ఆ తవ్వకమే కొందరికి పూట గడిపింది. వాళ్లకు అది ఏమిటో ఎవరూ చెప్పకుండా తప్పు మాత్రం వాళ్లమీద వేయటం న్యాయం కాదు. ఆ పొరను కొంతమేరకన్నా కంచె వేసి కాపాడి, ఊరివాళ్లకే కాపలా పని, చూపించే పని ఇస్తే రెండూ నిలబడతాయి.

గుహలో ఎముకలు

బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహలు ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన 1884, 1885 ప్రాంతంలో అక్కడ తవ్వించాడు. ఈయనే 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాతి పనిముట్టును గుర్తించి, మనదేశంలో పాత రాతియుగం ఉందని లోకానికి చెప్పిన మనిషి. గుహల్లో తవ్వకం ఎక్కువగా ఆయన కొడుకు చేయించాడు. ఎముకలు గంపలకొద్దీ వచ్చాయి. వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి. ముక్కుమీద కొమ్ము ఉండే జంతువు. ఇప్పుడు చూడాలంటే అస్సాం పోవాలి. లైడెక్కర్ అనే శాస్త్రవేత్త ఆ ఖడ్గమృగానికి కర్నూలు పేరు కలిపే పేరు పెట్టాడు!

నూరేళ్లు దాటిన తరువాత అదే గుహల్లో మళ్లీ తవ్వారు. 2014లో ఫలితం వచ్చింది. సుమారు 2 లక్షల ఏళ్ల కాలంలో ఆ గుహల్లో ఎముకలు వదిలిన జంతువుల్లో 21 రకాలను గుర్తుపట్టారు. వాటిలో 20 రకాలు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయి. ఒక్క పెద్ద కోతిజాతి మాత్రం పోయింది. దాని చుట్టాలు ఇప్పుడు ఆఫ్రికాలో ఇథియోపియా కొండల్లో ఉన్నాయి.

వేరే ఖండాల్లో ఇదే కాలంలో పెద్ద జంతువులు చాలా అంతరించాయి. ఇక్కడ ఎందుకు నిలిచాయి? కొండ, అడవి, గడ్డిబీడు, వాగు ఒకదానిపక్కన ఒకటి ఉండటమే కారణం కావచ్చు అంటారు. ఒకచోట కరువొస్తే జంతువు ఇంకోచోటికి పోయేది. దారి ఉండేది. మనం వలస పోయినట్లే. టోబా బూడిదను, ఎన్నో కరువులను తట్టుకున్న జంతువులకు ఇప్పుడు వచ్చిన కష్టం వేరే. పోవటానికి దారి లేదు. మధ్యలో రోడ్డు, కాలువ, కంచె.

నందికొట్కూరు వైపు రోళ్లపాడు సంగతి చాలామందికి తెలుసు. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. అప్పట్లో ఆ పక్షులు పదుల్లో ఉండేవి. ఆ తరువాత చుట్టూ బీడు పోయింది, నీటిపారుదల వచ్చింది, పంట మారింది. కంచెలోపల గడ్డి ఉంది. పక్షి మాత్రం కనిపించటం గగనమైపోయింది.

నీలిరంగు సాలీడు

ఇది చిన్న కథ. 1899లో గుత్తి రైల్వే స్టేషను దగ్గర కట్టెల అడితిలో ఒక పెద్ద సాలీడు దొరికింది. మెరిసే నీలిరంగు. నెమలి మెడ రంగు అనుకోండి. పోకాక్ అనే ఆయన దానికి సైన్సు పేరు పెట్టాడు. తరువాత నూరేళ్లు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో దొరికింది. అంటే గుత్తికి అది రైలులో కట్టెలతోపాటు టికెట్టు లేకుండా వచ్చి ఉండాలి! ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు కొట్టేస్తే దాని ఇల్లు పోయినట్లే. రంగు బాగుందని దానిని పెంచుకునేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. ఇప్పుడది అంతరించే ప్రమాదం బాగా ఉన్న జీవుల జాబితాలో ఉంది.

కలివికోడి

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు ప్రాంతంలో లంకమల కొండలు ఉన్నాయి. కొండ కింద ముళ్లపొదలు, మధ్యమధ్య ఖాళీ నేల. కలివిపొదలు ఉండేచోట తిరుగుతుంది కాబట్టి ఆ పిట్టను కలివికోడి అన్నారు.

జానెడుకంటే కాస్త ఎక్కువ పొడవు ఉంటుంది. మట్టిరంగు. రొమ్ముమీద రెండు పట్టీలు. గొంతుదగ్గర ఇటుకరంగు మచ్చ. పెద్ద కళ్లు. పగలంతా పొదకింద కదలకుండా ఉంటుంది. రాత్రి బయటికి వచ్చి పురుగులు ఏరుకుని తింటుంది. ఎగరటంకంటే పరుగెత్తటం ఎక్కువ.

1848లో జెర్డాన్ అనే మిలిటరీ డాక్టరు ఈ పక్షిని గుర్తించాడు. ఇంగ్లీషులో దానికి ఆయన పేరే ఉంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. తరువాత లేదు. పక్షుల శాస్త్రంలో పెద్దాయన సలీం అలీ, ఆయన తోటివాళ్లు ఎంతో వెతికారు. దొరకలేదు. "ఇక పోయింది" అని రాసుకున్నారు.

పోలేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ లంకమల చుట్టుపక్కల ఊళ్లలో పక్షి బొమ్మ చూపించి అడిగారు. పక్షుల వేట తెలిసిన ఊరివాళ్లు గుర్తుపట్టారు. "ఇది రాత్రి తిరిగే పిట్ట" అన్నది వాళ్లు చెప్పిన సంగతే. శాస్త్రవేత్తలు అన్నేళ్లు పగలు వెతికారు! రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దానిని పట్టుకున్నాడు. 86 ఏళ్ల తరువాత ఆ పక్షి లోకానికి కనిపించింది. పాపం, పట్టుబడిన ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. దాని కళేబరం బొంబాయిలో భద్రంగా ఉంది.

ఈ కథలో పుస్తకం చదివినవాడు ఒక సగం, పొద తెలిసినవాడు ఒక సగం. పుస్తకాల్లో మొదటి సగానికే పేరు ఎక్కువ వచ్చింది.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత పరిశోధకులు ఒక చక్కటి ఉపాయం చేశారు. రాత్రిపూట దాక్కునే పిట్టను చూడటం కష్టం. అందుకని పొదల మధ్య నేలను చదును చేసి, మెత్తటి మట్టి జల్లి, తెల్లారి వచ్చి అడుగుల గుర్తులు చూశారు. ఇంటిముందు కల్లాపిమీద కోడి నడిచిన గుర్తు చూసినట్లే. దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. 2000 తరువాతి తొలి ఏళ్లలో దాని కూతను రికార్డు చేసి, ఆ కూత వినిపించి, బదులు వస్తుందేమో విన్నారు.

వాటివల్ల ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. పొదలు మరీ చిక్కగా ఉన్నచోట ఈ పక్షి ఉండదు. పరుగెత్తటానికి ఖాళీ కావాలి. పొదలు మరీ పలచబడినా ఉండదు. దాక్కోవటానికి మాటు కావాలి. కాబట్టి "మేకలను పూర్తిగా తరిమేస్తే పక్షి బాగుపడుతుంది" అనే మాట సరికాదు. మితంగా మేపితే పొదల మధ్య ఖాళీ నిలుస్తుంది. మితిమీరి మేపినా, కట్టెలకు పొదలన్నీ నరికినా, యంత్రంతో చదునుచేసి తోట వేసినా పక్షి పోతుంది. అడవి అధికారులు, గొర్రెల మేకల కాపరులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం ఇది.

కాలువ గొడవ కూడా వచ్చింది. తెలుగుగంగ కాలువ ఈ పక్షి ఉండే పొదల్లోనుంచి పోయేటట్లు 2005లో తవ్వకం మొదలైంది. పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు. "పిట్టకోసం నీళ్లు ఆపుతారా?" అని కోపం వచ్చినవాళ్లు ఉన్నారు. నీళ్లకోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూసినవాళ్ల కోపాన్ని తేలికగా తీసిపారేయకూడదు. కానీ నీళ్లు ఆగలేదు, దారి మారింది. కాలువకు ఇంకో దారి ఉంది. ఈ పిట్టకు ఇంకో ఊరు లేదు.

నడుమ ఇంకొక వింత. ఈ పక్షి గుడ్డు ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదు. స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువుల డాక్టరు సేకరించింది. దానిని పరీక్షించి, పక్షి కళేబరంతో పోల్చి, అది కలివికోడి గుడ్డే అని 2013లో ప్రకటించారు. గుడ్డు ఒక దేశంలో, పిట్ట ఒక దేశంలో!

2009 దాటిన తరువాత కలివికోడి మళ్లీ మాయమైంది. కెమెరాలు పెట్టారు, రాత్రులు తిరిగారు. ఏళ్లు గడిచాయి. ఈసారి నిజంగానే పోయిందని చాలామంది అనుకున్నారు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలో ఒక రాత్రి చీకట్లో నిలబడి విన్నారు. కూత వినిపించింది. రికార్డు చేశారు. పాత రికార్డుతో సరిపోయింది.

పక్షి కంటికి కనిపించలేదు. ఎన్ని ఉన్నాయో తెలియదు. ఉన్నది మాత్రం రూఢి.

లంకమల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చీకటిపడ్డాక మేకల దొడ్డి దగ్గరో, చేని కాపలాలోనో ఉంటారు. ఆ పిట్ట చీకటి పడిన కాసేపటికి కొద్దిసేపే కూస్తుంది. రెండు ముక్కలుగా, "క్విక్‌-కూ, క్విక్‌-కూ" అని వరసగా. అటువంటిది వినబడితే టార్చి వేసి తరమవద్దు. ఉచ్చు పెట్టవద్దు, 1972 చట్టం ప్రకారం అది నేరం. చేతిలో ఫోను ఉంటే కూత రికార్డు చేయండి. తేదీ, టైము, ఏ వంక పక్కన, ఏ గుట్ట కింద అన్నది ఒక కాగితంమీద మీ చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, దగ్గరలోని ఫారెస్టు ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చినట్లు రసీదు అడగండి.